మాట్లాడే రికార్డర్ ఏది కొనాలి? వయొలిన్ క్లాసు కోసం, నాకు చూపు లేదు

నెల్లూరు వయొలిన్:

అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తా, నాకు పుట్టినప్పట్నుంచి చూపు లేదు, ఇదంతా ఎన్‌వీడీఏ (కంప్యూటర్ స్క్రీన్ మీదున్నది పైకి చదివే సాఫ్ట్‌వేర్) వింటూ టైప్ చేస్తున్నా కాబట్టి తప్పులుంటే సర్దుకోండి. మాది నెల్లూరు, ఉద్యోగం చెన్నైలో, టి.నగర్‌లో హాస్టల్. శని ఆదివారాలు మైలాపూర్‌లో ఒక మామి దగ్గర వయొలిన్ నేర్చుకుంటున్నా. మామి కాగితం పెట్టి నేర్పే మనిషి కాదు, ఒక సంగతి (కృతిలో ఒక వరసని కొద్ది మార్పుతో వాయించే తీరు) మూడు సార్లు వాయిస్తుంది, నాలుగోసారి నేను వాయించాలి, రాకపోతే ఇంటికెళ్ళి సాధకం చెయ్యి అంటుంది, నేను బస్సెక్కి లజ్ దాటేలోపే అందులో సగం మర్చిపోయుంటా. అందుకని రికార్డింగు లేకపోతే నాకు పని జరగదు.

ఇన్నాళ్ళూ ఫోన్లోనే చేశా. దాంతో బాధ ఏంటంటే టాక్‌బ్యాక్ (ఫోన్ స్క్రీన్ చదివి చెప్పేది) గొంతు కూడా రికార్డింగులోకి వచ్చేస్తుంది, తోడి రాగం ఆలాపన మధ్యలో ఒకావిడ "బ్యాటరీ పదిహేను శాతం" అంటుంది. పోయిన నెల అయితే లోన్ కావాలా అని ఎవడో ఫోన్ చేశాడు, రికార్డింగు అక్కడితో ఆగింది, నాకు ఇంటికొచ్చాక తెలిసింది.

సరే అని విడిగా ఒక రికార్డర్ కొన్నా. కంపెనీ పేరు చెప్పను, మంచిదే అన్నారు అందరూ. మెనూలో ఎన్నిసార్లు కిందికి నొక్కితే ఏదొస్తుందో నా రూమ్మేట్ చదివి చెప్తే బట్టీ పట్టా. మొదటి క్లాసు గంటా పది నిమిషాలు, రెక్ నొక్కి పక్కన పెట్టా, ఇంటికొచ్చి చూస్తే ఫైలే లేదు! తర్వాత తెలిసిందేంటంటే ఒకసారి నొక్కితే అది స్టాండ్‌బైలోకి వెళ్తుందట, రెండోసారి నొక్కితేనే రికార్డింగు మొదలట. లైటు మిణుకుమిణుకుమంటే స్టాండ్‌బై, నిలకడగా వెలిగితే రికార్డింగు అంట. లైటు!! నాకు చెప్తున్నారు లైటు సంగతి.

కాబట్టి నా ప్రశ్న, రికార్డింగు మొదలైందని నాకు నేనే తెలుసుకోగలిగేది, మెనూ మాట్లాడేది, లెవెల్ (సౌండు ఎంత గట్టిగా రికార్డవుతోందో అది) చూసుకునే పని లేనిది ఏదైనా ఉందా? 12 నుంచి 15 వేల దాకా పెట్టగలను. చూపు లేనివాళ్ళు ఎవరైనా వాడుతుంటే ఇంకా మంచిది.

ఫిల్టర్ కాఫీ:

ఎందుకండీ డబ్బు దండగ, ఐఫోన్ తీసుకోండి. మా బావమరిదికి చూపు లేదు, వాడు వాయిస్ మెమోస్ లో రెండు వేళ్ళతో రెండుసార్లు టకటక కొడితే రికార్డింగు మొదలవుద్ది, మళ్ళీ కొడితే ఆగుద్ది, వాయిస్ ఓవర్ (ఐఫోన్లో స్క్రీన్ చదివేది) ఆన్ లో ఉంటే చాలు, స్క్రీన్ మీద బటన్ వెతుక్కునే పనే లేదు. కాల్స్ రాకుండా ఏరోప్లేన్ మోడ్ పెట్టేయండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే ఆ గొంతు కూడా మైకులోకి రాదు.

నెల్లూరు వయొలిన్:

రెండు వేళ్ళ సంగతి బాగుందండీ, థాంక్స్. కానీ డబ్బు దండగ అని 12 వేల వస్తువు వద్దని ఐఫోన్ కొనమంటున్నారు చూడండి :) ఇంకోటి, మా మామికి ఫోన్ ఎదురుగా పెడితే ఎందుకో నచ్చదు, ఎక్కడో లైవ్ పెడుతున్నానేమో అని అనుమానం.

తెల్లకర్ర బెంగుళూరు:

నాకూ చూపు లేదు, పదేళ్ళ నుంచి రికార్డర్లతో కుస్తీ పడుతున్నా, కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా, ఓపిక చేసుకోండి.

మీరు చెప్పిన స్టాండ్‌బై దెబ్బ నేనూ తిన్నా, మనవాళ్ళలో అది తినని వాడుండడు. సూటిగా చెప్పాలంటే మీరు జూమ్ కంపెనీ హెచ్1 ఎసెన్షియల్ చూడండి. 2024 జనవరిలో హెచ్1, హెచ్4, హెచ్6 అని మూడు ఎసెన్షియల్ మోడళ్ళు తెచ్చారు, మూడింట్లోనూ మెనూ పైకి చదువుతుంది. కళ్ళున్నవాళ్ళకి అమ్మే మామూలు రికార్డర్‌లోనే మాట పెట్టారు చూడండి, అది నాకు నచ్చింది. మనకోసం అని విడిగా చేసే వస్తువులకి ధర ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. హెచ్1 వచ్చినప్పుడు అమెరికాలో ధర 99.99 డాలర్లు, హెచ్4 దానికి రెట్టింపు, ఇక్కడికొచ్చేసరికి ఆ రోజు రేటు, కొట్టువాడి మనసు.

నేను ఇంగ్లీషు గొంతు పెట్టుకుని వాడుతున్నా, బాణాల బటన్లు నొక్కుతుంటే ఎక్కడున్నానో చెప్తూ పోతుంది. రెక్ బటన్ పెద్దది, వేలికి ఇట్టే దొరుకుతుంది.

అసలు విషయం ఇప్పుడు. ఇది 32 బిట్ ఫ్లోట్ అనే పద్ధతిలో రికార్డ్ చేస్తుంది, లెవెల్ పెట్టే బటనే లేదు దీంట్లో. కళ్ళున్నవాళ్ళకి అదొక సౌకర్యం, అంతే. మనకి మాత్రం ప్రాణం లేచొచ్చినంత పని, ఎందుకంటే మామూలు రికార్డర్‌లో మీటర్ చూసి, ఎర్రగీత దాటుతోందా అని చూసి, గెయిన్ (మైకు తీసుకునే సౌండు) తగ్గించాలి, ఆ మీటర్ ఏ గొంతూ చదవదు. ఫ్లోట్‌లో నెమ్మదిగా పడినదాన్ని తర్వాత ఆడాసిటీలో (కంప్యూటర్లో ఆడియో ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్) పెంచుకోవచ్చు, గట్టిగా పడినదాన్ని తగ్గించుకోవచ్చు, పగిలిపోదు.

ఇబ్బందులు కూడా చెప్పాలిగా. ఒకటి ఫైలు బరువు, 48 కిలోహెర్ట్జ్ స్టీరియో అయితే గంటకి దగ్గర దగ్గర 1.4 జీబీ, 32 జీబీ కార్డులో 23 గంటలు పడుతుంది. వాట్సాప్‌లో పంపాలంటే ముందు ఎంపీ3 చేసుకోవాల్సిందే. ఇంకోటి ఆ మైక్రో ఎస్డీ కార్డు, గోరంత ఉంటుంది, ఒకసారి కింద పడిందంటే ఇల్లంతా పాకాలి (అనుభవం). కార్డు ఒకసారి లోపల పెట్టేసి ఇక తీయకండి, సీ టైపు కేబుల్‌తో లాప్‌టాప్‌కి పెట్టి, మెనూలో ఫైల్ ట్రాన్స్‌ఫర్ అన్నదగ్గర నొక్కితే పెన్‌డ్రైవ్ లాగ కనిపిస్తుంది, ఎన్‌వీడీఏతో హాయిగా కాపీ చేసుకోవచ్చు. సెల్స్ ట్రిపుల్ ఏ రెండు, కంపెనీ లెక్క 10 గంటలు, రీఛార్జబుల్ వేస్తే మెనూలో బ్యాటరీ రకం మార్చండి, లేకపోతే ఎంత ఉందో తప్పు చెప్తుంది.

ఒలింపస్ డీఎం సిరీస్ కూడా మాట్లాడేది, డీఎం 720 దాకా మనవాళ్ళు చాలామంది వాడారు, లెక్చర్లకి దానికి మించింది లేదు, కానీ కొత్త పీస్ కోసం నేను ఇక్కడ ఎలక్ట్రానిక్స్ కొట్లుండే ఎస్పీ రోడ్డంతా తిరిగి వట్టి చేతుల్తో వచ్చా. విక్టర్ రీడర్ స్ట్రీమ్ అని ఎవరో ఒకరు చెప్తారు మీకు, అది డైసీ పుస్తకాలు (చూపు లేనివాళ్ళ కోసం చేసే ఆడియో పుస్తకాలు) వినడానికి బ్రహ్మాండం, రికార్డింగు దాంట్లో పక్కవాయిద్యం మాత్రమే, ధర మీ బడ్జెట్‌కి అందదు.

వడపళని సౌండు:

పైన అన్న చెప్పింది కరెక్టే, ఒక్క ముక్క కలుపుతా. నేను డబ్బింగ్ స్టూడియోలో పని చేస్తా. 32 బిట్ ఫ్లోట్ అంటే ఏం చేసినా పగలదు అనుకోవద్దు, పగలనిది ఫైలు, మైకు కాదు. హెచ్1 ఎసెన్షియల్ మైకు 120 డెసిబెల్స్ దాకా తట్టుకుంటుంది. వయొలిన్‌కి అది చాలా ఎక్కువే, కానీ తవిల్ పక్కన మైకు ఆనించి పెట్టారనుకోండి అప్పుడు మైకే చేతులెత్తేస్తుంది, దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచెయ్యలేదు.

ఇంకోటి, వేరే రికార్డర్ ఏది తీసుకున్నా సరే ఆటో లెవెల్ అనేది ఆపేయండి సిస్టర్. మీటింగులకి పనికొచ్చే వస్తువు అది. మామి గారు వాయించి ఆపగానే, నిశ్శబ్దం వచ్చింది కదా అని మిషను తనంతట తనే సౌండు పెంచేస్తుంది, శ్రుతిపెట్టె భోరుమని పైకి లేస్తుంది, ఫ్యాను లేస్తుంది, బయట ఆటో హారన్ లేస్తుంది, మళ్ళీ విల్లు తీగ మీద పడగానే అన్నీ టక్కున అణిగిపోతాయి. ఏది నెమ్మదిగా వాయించారో ఏది గట్టిగా వాయించారో తేడానే ఉండదు. గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) నేర్చుకునేవాళ్ళకి అది పోతే ఇంకేం మిగిలింది?

పెట్టే చోటు: శ్రుతిపెట్టె పక్కన పెట్టకండి. మామికీ మీకూ మధ్య, మామి వైపు మూడు నాలుగడుగుల దూరంలో, నేల మీద కాదు, స్టూలు మీద ఒక టవల్ మడిచి దాని మీద. నేల మీద పెడితే తాళం వేసే చెయ్యి, కాలి చప్పుడు అన్నీ దిమ్ దిమ్ అని ఎక్కుతాయి. చెన్నైలో ఫ్యాను ఆపమని ఎవర్నీ అడగలేం కాబట్టి స్పాంజి తొడుగు కొనండి, లో కట్ (కింది స్థాయి గుమగుమ శబ్దాన్ని కోసేసే సెట్టింగు) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి, మీ వయొలిన్ కింది తీగ కూడా 100 పైనే పలుకుతుంది కాబట్టి దానికేం కాదు. మృదంగం కూడా ఉంటే మాత్రం లో కట్ తీసేయండి, తొప్పి (ఎడమ) వైపు పలికే గుంకీ అనే లోతు నాదం పలచబడిపోతుంది.

పాత టేపు:

అమ్మాయ్, నాకు 71. చూపు ఉంది, ఉన్నా ఈ చిన్న స్క్రీన్లు నాకూ కనపడవు. మా రోజుల్లో క్యాసెట్ రికార్డర్ ఉండేది, రెక్, ప్లే రెండూ కలిపి నొక్కితే ఖటక్ మని కిందికి దిగి అక్కడే ఉండిపోయేవి. చీకట్లో చెయ్యి పెట్టి తడిమినా తెలిసిపోయేది రికార్డవుతోందని, లైటు లేదు మాట లేదు. ఇప్పుడు అన్నీ నొక్కగానే పైకొచ్చే బటన్లు, లోపల ఏం జరుగుతోందో వేలికి తెలియదు, అదీ మీ అందరి కష్టం.

పాత జూమ్ హెచ్1 (ఎసెన్షియల్ కాదు, 2010 లో వచ్చింది) నా దగ్గర ఇంకా ఉంది. దాని వీపు మీద స్విచ్చులుంటాయి, లో కట్‌కి ఒకటి, ఆటో లెవెల్‌కి ఒకటి, వేవ్ కావాలా ఎంపీ3 కావాలా దానికొకటి, అటు జరిపితే అటు, ఇటు జరిపితే ఇటు. తడిమి చెప్పేయొచ్చు. దాని తర్వాత వచ్చిన హెచ్1ఎన్ లో ఆ స్విచ్చులు తీసేసి స్క్రీన్ చూసి నొక్కే బటన్లు పెట్టారు. పాతది సెకండ్ హాండ్‌లో దొరికితే వదలకు, కాకపోతే దాంట్లో లెవెల్ నువ్వే పెట్టుకోవాలి, ఒకసారి మామి క్లాసులో సరిచూసుకుని ఇక ఆ బటన్ జోలికి పోకుండా ఉంటే సరి.

ఏది కొన్నా రెక్ బటన్ మీద ఎంసీల్ (ఆరితే గట్టిపడే ముద్ద) చుక్క ఒకటి పెట్టుకో, ఆవగింజంత. రికార్డింగు మొదలెట్టగానే తేదీ, రాగం, కృతి పేరు నోటితో చెప్పు, తర్వాత ఏ ఫైలు ఏదో వెతుక్కునే బాధ తప్పుతుంది.

సందర్భం వచ్చింది కాబట్టి, ద్వారం వెంకటస్వామి నాయుడు గారికి చూపు సరిగా ఉండేది కాదు, 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వాళ్ళు సంగీత కళానిధి బిరుదు ఇచ్చారు. ఎం. చంద్రశేఖరన్ గారికి రెండేళ్ళ వయసులో చూపు పోయింది, ఆయనకి 2005లో. ఇద్దరిదీ నీ వాయిద్యమే తల్లీ. డిసెంబర్ కచేరీలకి మాత్రం ఈ డబ్బా తీసుకెళ్ళి తిట్లు తినకు, సభల్లో రికార్డింగు ఒప్పుకోరు.

ఫిల్టర్ కాఫీ:

తాతగారి ఎంసీల్ ఐడియా సూపర్. సరే ఐఫోన్ మాట వెనక్కి తీసుకుంటున్నా.

నెల్లూరు వయొలిన్:

అందరికీ చాలా థాంక్స్, పెద్దాయనకి నమస్కారాలు, ద్వారం వారి సంగతి నాకు తెలుసు కానీ మీరు చెప్తుంటే ఇంకోలా అనిపించింది. క్యాసెట్ బటన్ మాట చదివాక మా నాన్న టేప్ రికార్డర్ గుర్తొచ్చింది, చిన్నప్పుడు నేను ఎవరి సాయం లేకుండా వాడిన మిషను అదొక్కటే.

నిన్న క్లాసు అయ్యాక తిరుమయిలైలో ట్రైనెక్కి చింతాద్రిపేట దిగి ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్ వెళ్ళా. మొదటి రెండు కొట్లలో మాట్లాడే రికార్డర్ అంటే "రికార్డర్ ఎప్పడి అక్కా పేసుం" (రికార్డర్ ఎలా మాట్లాడుతుంది అక్కా) అని నవ్వారు. మూడో కొట్టులో హెచ్1 ఎసెన్షియల్ ఉంది, కుర్రాడు డబ్బా విప్పి సెల్స్ వేసి నా చేతికిచ్చాడు, ఆన్ చెయ్యగానే అది మాట్లాడింది, పాపం వాడు నాకన్నా ఎక్కువ ఉలిక్కిపడ్డాడు, ఇన్నాళ్ళూ అమ్ముతున్నాడు, అది మాట్లాడుతుందని వాడికి తెలీదు! పక్క కొట్టు వాళ్ళని కూడా పిలిచి వినిపించాడు. మెనూ మొత్తం నేనే ఒక్కదాన్నే తిరిగి చూసుకున్నా, ఎవర్నీ చదవమని అడగకుండా.

కొనేశా. కార్డు, స్పాంజి, సెల్స్ అన్నీ కలిపి 15 వేల లోపే వచ్చింది. రాత్రి హాస్టల్‌లో స్టూలు మీద టవల్ వేసి మోహన వర్ణం వాయించి చూశా, బాగా వచ్చింది, ఫ్యాను కూడా పర్లేదు.

ఒక్క డౌటు మిగిలింది తెల్లకర్ర అన్నా. ఆడాసిటీలో ఎంపీ3 చేశాక గమకం దగ్గర స్పీడు తగ్గించి వినాలి, శ్రుతి మాత్రం దిగకూడదు. ఎన్‌వీడీఏతో ఎలా చేస్తారు?

తెల్లకర్ర బెంగుళూరు:

కంగ్రాట్స్! ముందు కంట్రోల్ ఏ కొట్టి మొత్తం సెలెక్ట్ చేసుకోండి, ఎఫెక్ట్ మెనూలో చేంజ్ టెంపో అని ఉంటుంది, దాంట్లో మైనస్ 30 ఇవ్వండి, శ్రుతి కదలదు. చేంజ్ స్పీడ్ అని దాని దగ్గర్లోనే ఇంకోటి ఉంటుంది, దాని జోలికి వెళ్ళకండి, శ్రుతి కూడా దిగిపోతుంది, మామి వయొలిన్ వీణ అయిపోతుంది. ఒరిజినల్ ఫైలు మీద చెయ్యకండి, కాపీ మీద చెయ్యండి. సెల్స్ ఒక జత సంచిలో ఎప్పుడూ ఉంచుకోండి.

నెల్లూరు వయొలిన్:

అయింది, విన్నా. ఆ సంగతిలో మామి గాంధారం (గ స్వరం) దగ్గర ఒక చిన్న జారు (వేలు తీగ మీద జార్చడం) వేస్తోంది, రెండేళ్ళుగా నేను దాన్ని వదిలేసి వాయిస్తున్నా.