సామర్థ్య రూపం: ‘తబెరరెరు’ నేర్పాలా, ‘తబెరెరు’ నేర్పాలా?

విశాఖ విద్యార్థిని:
‘చేయగలను’ అని చెప్పడానికి జపనీస్‌లో క్రియ రూపమే మారుతుంది. మొదటి వర్గపు క్రియల్లో చివరి ‘ఉ’ స్థానంలో ‘ఎరు’ వస్తుంది కనుక నొము (తాగు) నొమెరు అవుతుంది, కకు (రాయు) కకెరు అవుతుంది. రెండవ వర్గపు క్రియలకు ‘రరెరు’ చేరుతుంది కనుక తబెరు (తిను) తబెరరెరు అవుతుంది, మిరు (చూడు) మిరరెరు అవుతుంది. ఇక సురు (చేయు) దెకిరుగానూ, కురు (వచ్చు) కొరరెరుగానూ మారతాయి. ఇంతవరకు పేచీ లేదు. అయితే జపాన్‌వారు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు తరచుగా వినిపించేవి తబెరెరు, మిరెరు, కొరెరు. వాటి నడుమ ఉండవలసిన ‘ర’ ఉండదు. ‘ర’ను తీసివేసిన ఈ పలుకుబడిని వారు ‘ర-నుకి’ అంటారు. మా తరగతిలో దీనిని తప్పుగా దిద్దుతున్నారు. ప్రారంభకులకు మొదటి నుండీ వాడుక రూపం నేర్పడం మేలా, పుస్తక రూపం నేర్పడం మేలా అన్నదానిపై అనుభవజ్ఞుల అభిప్రాయం కోరుతున్నాను.

బోధకురాలు, సికింద్రాబాద్:
పుస్తక రూపమే నేర్పాలి. లాంఛనమైన సందర్భాల్లో ర-నుకి వాడకాన్ని ప్రస్తుతానికి ఆమోదించలేమని జపాన్ జాతీయ భాషా మండలి 1995లో తన నివేదికలో పేర్కొన్నది. అక్కడి టీవీ కార్యక్రమాల్లో ఎదుటి వ్యక్తి మిరెరు అని పలికినా, తెర మీద వేసే అక్షరాల్లో దానిని మిరరెరు అని దిద్ది చూపడం మామూలే. మన విద్యార్థుల్లో చాలామంది ఉద్యోగం కోసమో, జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా ప్రావీణ్య పరీక్ష కోసమో ఈ భాష నేర్చుకుంటున్నారు. ఇంటర్వ్యూలో గానీ, సంస్థకు రాసే ఈమెయిల్‌లో గానీ ర-నుకి దొర్లితే భాష మీద శ్రద్ధ లేదన్న ముద్ర పడుతుంది. వాడుక రూపం వింటూ ఉంటే దానంతట అదే పట్టుబడుతుంది. ముందుగా అదే అలవాటైతే పుస్తక రూపానికి రావడం అంత తేలిక కాదు.

ఒసాకా తెలుగువాడు:
బోధకురాలి గారి జాగ్రత్త అర్థం చేసుకోదగినదే గానీ, ‘తప్పు’ అన్న మాటను నేను ఒప్పుకోను. ఒక్కసారి ఈ రూపాలను విడదీసి చూడండి. నొమరెరు అన్నది కర్మణి రూపం, అంటే ‘తాగబడు’. దాని నడుమ నుండి ‘అర్’ తొలగిస్తే మిగిలేది నొమెరు, అంటే మీరంతా ప్రామాణికమని నేర్పే సామర్థ్య రూపం. తబెరరెరు నుండి కూడా అదే ‘అర్’ తొలగించండి, తబెరెరు వస్తుంది. ఏనాడో మొదటి వర్గంలో జరిగిపోయి పుస్తకాల్లోకి ఎక్కిన మార్పు ఇప్పుడు రెండవ వర్గంలో జరుగుతున్నది, అంతకుమించి ఇందులో వికారమేమీ లేదు.

పైగా దీనివల్ల ప్రయోజనం కూడా ఉన్నది. తబెరరెరు అన్న ఒక్క మాట మీద ‘తినగలుగు’, ‘తినబడు’, పెద్దలు ‘తింటారు’ అన్న మూడు భారాలు పడుతున్నాయి. ‘ఒతోతొ ని కేకి ఒ తబెరరెత’ అన్న వాక్యాన్ని తెలుగువాడైన ప్రారంభకుడికి ఇచ్చి చూడండి. ‘ని’ మనకు ‘కి’ లాగా వినిపిస్తుంది కనుక, తమ్ముడికి కేకు తినడం సాధ్యపడిందని అర్థం చెబుతాడు. అసలు సంగతి ఏమిటంటే, తమ్ముడు నా కేకు తినేశాడు, నేను నష్టపోయాను. సామర్థ్యానికి తబెరెరు అన్న విడి రూపం ఉన్నప్పుడు ఈ తికమక సగానికి సగం తగ్గుతుంది. జపాన్ సాంస్కృతిక వ్యవహారాల సంస్థ 2015 ఆర్థిక సంవత్సరంలో జరిపిన సర్వేలో, ‘చూడగలిగాను’ అన్న భావానికి మిరెత అంటామన్నవారు 48.4 శాతం కాగా మిరరెత అంటామన్నవారు 44.6 శాతమే.

బోధకురాలు, సికింద్రాబాద్:
ఆ సర్వేలోని మరో వరుస కూడా చెప్పవలసింది. ‘తినలేను’ అన్న భావానికి తబెరరెనై అంటామన్నవారు 60.8 శాతం, తబెరెనై అంటామన్నవారు 32 శాతం. మిరు వంటి పొట్టి క్రియల్లో మార్పు ముందుకు సాగింది, కాస్త పొడుగైన వాటిలో ఇంకా వెనుకబడి ఉన్నది. ఈ చర్చ పేరులో ఉన్న తబెరెరునే జపాన్‌లో ఎక్కువమంది ఎంచుకోలేదన్నమాట. అలాంటప్పుడు ప్రారంభకుడికి ‘ర’ తీసెయ్యమని ఒకే సూత్రం ఎలా చెప్పగలం?

తికమక తగ్గుతుందన్న వాదన కూడా అన్నిచోట్లా నిలవదు. కిరు అన్న క్రియలు రెండున్నాయి: మొదటి వర్గంలోనిది ‘కోయు’, రెండవ వర్గంలోనిది ‘దుస్తులు తొడుగు’. కోయగలగడం కిరెరు, తొడుక్కోగలగడం కిరరెరు. ‘ర’ తీసేస్తే రెండూ కిరెరు అయిపోతాయి.

ఒసాకా తెలుగువాడు:
మంచి ఉదాహరణే గానీ అది మీ మీదికే తిరుగుతుంది. కోయు అన్న క్రియకు కర్మణి రూపం ఏమిటి? కిరరెరు. అంటే పుస్తక రూపాన్ని పట్టుకున్నా ‘తొడుక్కోగలుగు’, ‘కోయబడు’ ఒకటే అవుతాయి. కత్తి గురించి మాట్లాడుతున్నామో, చొక్కా గురించి మాట్లాడుతున్నామో వినేవారికి తెలుస్తుంది, పలికేటప్పుడు స్వరం కూడా వేరుగా ఉంటుంది. సర్వేలోని తినడం సంగతి మాత్రం ఒప్పుకోక తప్పదు.

కొత్త అభ్యాసకుడు, గుంటూరు:
పెద్దలు అన్యథా భావించకపోతే ఒక మాట. మిన్నా నో నిహొంగొ పుస్తకం 18వ పాఠంలో ‘కొతొ గ దెకిరు’ నేర్పి, సామర్థ్య రూపాన్ని 27వ పాఠం దాకా వాయిదా వేసింది. తబెరు కొతొ గ దెకిరు, నొము కొతొ గ దెకిరు, కురు కొతొ గ దెకిరు: నిఘంటువులోని క్రియను ఉన్నది ఉన్నట్టు పెట్టేస్తే సరిపోతుంది. వర్గం గుర్తుపెట్టుకోనక్కరలేదు, ‘ర’ గొడవ అసలే లేదు. దీనితోనే బండి నడిపితే నష్టమేమిటి?

ఒసాకా తెలుగువాడు:
వ్యాకరణపరంగా నష్టం లేదు. ‘ఇక్కడ ఫొటోలు తీయవచ్చు’ వంటి సూచనల్లో, నివేదికల్లో అదే హుందాగా ఉంటుంది. కానీ స్నేహితుడిని ‘రేపు రాగలవా’ అని అడగడానికి ‘అషిత, కురు కొతొ గ దెకిరు?’ అంటే ఆఫీసు సర్క్యులర్ చదివినట్టు ఉంటుంది. అది మొదటి కొద్ది నెలలకు ఊతకర్ర. ఎదుటివారు మాత్రం సామర్థ్య రూపంలోనే జవాబిస్తారు, అది చెవికి ఎక్కకపోతే సంభాషణ అక్కడే ఆగిపోతుంది.

ఈ చర్చలో ఎవరూ ఎత్తని విషయం మరొకటి ఉన్నది. జపాన్ కంపెనీల్లో చేరే మనవారు పై అధికారిని ‘బుచో వ ఎయిగొ గ హనసెమసు క’ అని అడుగుతుంటారు, అంటే మీరు ఇంగ్లీషు మాట్లాడగలరా అని. వ్యాకరణంలో దోషం లేదు, మర్యాదలోనే ఉన్నది. పెద్దవారికి ఏది చేతనవునో, ఏది కాదో ముఖం మీద అడగడం అక్కడ బాగుండదు. సామర్థ్యం మాట ఎత్తకుండా గౌరవ రూపంలో ‘ఎయిగొ ఒ హనసరెమసు క’, అంటే ‘మాట్లాడతారా’ అని అడగాలి. ర ఉందా లేదా అన్నదానికంటే దీని మీదే ఎక్కువమంది ఇరుక్కుంటారు.

బోధకురాలు, సికింద్రాబాద్:
ఈ మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను, అయితే ఇది నా పక్షాన్నే బలపరుస్తున్నది. అధికారిని ‘అషిత కొరరెమసు క’ అని అడిగితే ‘రాగలరా’ అని గానీ, ‘వస్తారా’ అని గౌరవంగా గానీ అర్థం చేసుకోవచ్చు. ఒసాకా గారు భారమన్న ఆ రెండర్థాలే అక్కడ అడిగినవారికి అండగా నిలుస్తాయి. ‘కొరెమసు క’ అంటే మాత్రం కేవలం సామర్థ్యం గురించిన ప్రశ్నే మిగులుతుంది.

కనుక పలకడానికి, రాయడానికి పుస్తక రూపమే నేర్పుతాను. వినికిడి అభ్యాసంలో మాత్రం మిరెరు, కొరెరు, తబెరెరు మూడింటినీ మొదటి వారం నుండే చేరుస్తాను. విని అర్థం చెప్పినవారికి పూర్తి మార్కులు. వ్యాసంలో ‘ర’ ఎగరగొట్టినవారికి అర మార్కు కోత యథాతథంగా ఉంటుంది.