టైటిల్ పట్టీ ఫొటోలో పెళ్లికొడుకు జుట్టు తెగిపోతోంది, కీ ఎలా వేయాలి?

కావలి కెమెరా:
అన్నలూ, పెళ్లి లైవ్ చేస్తున్నా. ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐలో నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద టైటిల్ పట్టీ పంపి, స్విచ్చర్‌లో (కెమెరాలు మార్చే పెట్టె) లూమా కీ వేశాను, అంటే నలుపు తీసేసి మిగతాది కెమెరా పిక్చర్ మీద పడేలా పెట్టాను. పేర్లు బాగానే పడుతున్నాయి గానీ పట్టీలోని జంట ఫొటోలో పెళ్లికొడుకు జుట్టు, మీసం ఉన్నచోట తెగిపోయి వెనక మండపం కనిపిస్తోంది. క్లిప్ (కట్ చేసే హద్దు) తగ్గిస్తే జుట్టు వస్తుంది, దాంతోపాటు పట్టీ చుట్టూ నల్లగా మసక కూడా వస్తుంది. బ్యాక్‌గ్రౌండ్ గ్రీన్ పెట్టి క్రోమా (ఆ రంగునే తీసేసే కీ) చేద్దామంటే మండపం నిండా అరటి బోదెలు, మామిడి తోరణాలు, అవీ మాయమైపోతాయేమోనని టెన్షన్. రేపు సాయంత్రమే రిసెప్షన్.

ఒంగోలు ఎడిటర్:
లూమా కీ చూసేది వెలుతురు ఒక్కటే తమ్ముడూ. క్లిప్‌లో పెట్టిన హద్దు కన్నా చీకటిగా ఉన్నదంతా కట్ అవుతుంది, జుట్టూ నలుపే కదా. గెయిన్ అంచు ఎంత మెత్తగా రావాలో చూసుకుంటుంది, అంతే. ఈ ఫొటోకి ఆ రెండూ ఎంత తిప్పినా కుదరదు. పచ్చ గురించి భయం వద్దు. స్విచ్చర్ పచ్చ వెతికేది టైటిల్ వచ్చే ఇన్‌పుట్‌లోనే, కింద ఉన్న కెమెరా పిక్చర్ జోలికి పోదు, బోదెలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఫొటోలో అమ్మాయిది పచ్చ పట్టుచీర అయితే మాత్రం చీర పోతుంది, అప్పుడు బ్లూ పెట్టు.

నెల్లూరు స్విచ్చింగ్:
పట్టీ కదలనిదైతే క్రోమా కూడా ఎందుకు బ్రదర్? 1920x1080 ఫ్రేమ్‌లో బ్యాక్‌గ్రౌండ్ లేయర్ తీసేసి పీఎన్‌జీగా సేవ్ చెయ్యి. ఏ చుక్క ఎంత కనపడాలో చెప్పే ఆల్ఫా ఆ ఫైల్లోనే ఉంటుంది, జుట్టు ఎంత నల్లగా ఉన్నా తెగదు. హెచ్‌డీఎంఐలో ఆ ఆల్ఫా రాదు, అందుకే ల్యాప్‌టాప్ నుంచి పంపితే ఈ తిప్పలు. నీ స్విచ్చర్ ఏటెమ్ మినీ అయితే మీడియా పూల్‌లో (బొమ్మలు దాచుకునే చోటు) 20 స్టిల్స్ పడతాయి, అందులో వేసి డౌన్‌స్ట్రీమ్ కీకి (చివర్లో పైన కలిసే కీ) ఇవ్వు. అక్షరాల అంచున నల్ల గీత కనిపిస్తే ప్రీ మల్టిప్లైడ్ (రంగులో ఆల్ఫా ముందే కలిసి ఉందని చెప్పే) టిక్ మార్చి చూడు.

కావలి కెమెరా:
థ్యాంక్స్ అన్నా. కింద స్క్రోల్ (కదిలే అక్షరాలు) కూడా కావాలంటున్నారు, రెండూ ఒకేసారి పడతాయా?

నెల్లూరు స్విచ్చింగ్:
పడతాయి. స్క్రోల్‌ని ల్యాప్‌టాప్ నుంచే గ్రీన్ మీద పంపి అప్‌స్ట్రీమ్ కీలో క్రోమా వెయ్యి, పట్టీని డౌన్‌స్ట్రీమ్‌లో ఉంచు. కెమెరా మీద అప్‌స్ట్రీమ్, దాని మీద డౌన్‌స్ట్రీమ్, అన్నిటికీ పైన ఫేడ్ టు బ్లాక్ (తెర మొత్తం నల్లగా చేసేది). డౌన్‌స్ట్రీమ్ అన్ని ట్రాన్సిషన్లూ (కెమెరా మార్పులు) అయ్యాక కలుస్తుంది కాబట్టి కెమెరాలు డిజాల్వ్ చేస్తున్నా పట్టీ కదలదు. స్క్రోల్ అక్షరాలు కొంచెం లావుగా పెట్టు, సన్నవైతే క్రోమాలో అంచులు కొరికినట్టు వస్తాయి.