అనంతగిరి చుట్టుదారిలో కుక్కకి లీష్ విప్పొచ్చా, వద్దా?

నల్లరేగడి: వికారాబాద్ అనంతగిరి. గుడి దగ్గర మొదలై టేకు అడవిలో తిరిగి మళ్లీ గుడికే వచ్చే తేలిక దారి, తీరిగ్గా నడిస్తే రెండు గంటలు. నా వాదన ఒకటే: గుడీ పార్కింగూ దాటాక లీష్ విప్పేయాలి. తాడు పట్టి గుంజుకెళ్తే కుక్కకి వాసన చూసే తీరికే ఉండదు, అది నడక కాదు ఊరేగింపు. కాదనేవాళ్లు కారణం చెప్పండి. "రూలు" అని ఒక్క ముక్కతో తేల్చేయకండి.

టేకాకు: అన్నా, రూలు పక్కన పెడ్దాం. అడవి అంచున పొలాలున్న ఏ ఊరైనా చూడు, పందుల కోసం ఉచ్చులు పెడ్తరు. బండి క్లచ్ వైరుతోని ఉరి, మోకాలి కింది ఎత్తుల, మోడుకు కట్టి ఉంటది. చెట్ల సందుల జంతువులు నడిచే దారిలనే పెడ్తరు. విడిచిన కుక్క పోయేది కూడా ఆ దారిలనే. పడ్డంక గింజుకుంటది, గింజుకున్నకొద్దీ బిగుస్తది. నువ్వు పక్కన ఉంటే కుక్కను మోడు దిక్కు నెట్టాలె, నీ దిక్కు గుంజొద్దు. వైరు వదులైతది, అప్పుడు ముడి జరుపు. బ్యాగుల ఎనిమిది ఇంచుల కటింగ్ ప్లయర్ ఉండాలె, చిన్నది క్లచ్ వైరును తెంపది. యాభై గజాల అవతల పొదల పడితే నీకు అరుపు ఒక్కటే వినవడ్తది.

నాటు బాంబులు ఇంకో కత. పిండిలనో కొవ్వులనో చుట్టి పడేస్తరు. కుక్క కొరికితే దవడ ఉండది. పందుల కోసమే పరిచే కరెంటు తీగ సంగతి చెప్పనే అక్కర్లేదు. తీగకు తగిలిన కుక్కను చేత్తో ముట్టుకుంటే నువ్వు కూడా పోతవ్.

నల్లరేగడి: అవన్నీ పొలాల అంచున. లోపలి దారిలో ఎవరు పెడతారు?

టేకాకు: చుట్టుదారి అంటేనే అంచు తాకి వచ్చేది కదన్నా.

చెవులపిల్లి: రూలు వద్దన్నారు గానీ, ఆ రూలేంటో తెలిస్తే మంచిది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట అంటే చంపడం ఒక్కటే కాదు, తరమడం కూడా వేటే. నెమలి ఆ చట్టంలో అత్యధిక రక్షణ ఉన్న జాబితాలోని, అంటే షెడ్యూల్ 1 పక్షి. మీ లాబ్రడార్ సరదాకే పరిగెత్తిందని మీకు తెలుసు, అటవీ సిబ్బందికి ఎలా తెలుస్తుంది? పైగా వానాకాలం నెమళ్లు గుడ్లు పెట్టే కాలం, గూడు నేల మీదే. ఒక్కసారి లేపితే చాలు, తల్లి తిరిగొచ్చేలోగా కాకి పని కానిచ్చేస్తుంది.

జబ్బుల సంగతీ ఉంది. 2018లో గిర్ అడవిలో నెల తిరక్కుండా ఇరవైకి పైగా సింహాలు చనిపోతే, పరీక్షల్లో కుక్కలకొచ్చే డిస్టెంపర్ వైరస్ బయటపడింది.

నల్లరేగడి: డిస్టెంపర్‌కి టీకా ఉంది కదండీ. తొమ్మిది జబ్బుల టీకా, రేబిస్ టీకా రెండూ పడ్డ కుక్క గురించే నా మాట. ఊరకుక్కలు ఎలాగూ అడవంతా తిరుగుతున్నాయి, వాటినెవరు ఆపుతున్నారు?

చెవులపిల్లి: టీకా విషయంలో మీరే కరెక్ట్, ఒప్పుకుంటాను. కానీ టీకా తరమడాన్ని ఆపదు. ఊరకుక్కలు తిరుగుతున్నాయి కాబట్టి మనదీ తిరగాలనడం, ఊళ్లో చెత్త ఉంది కాబట్టి మనమూ నాలుగు కవర్లు పడేద్దాం అన్నట్టుంది.

మూసీ పుట్టిల్లు: ఇద్దరూ మధ్యదారి వదిలేశారు. అయిదు మీటర్ల పొడవు తాడు వాడండి, కుక్కకి వాసన దొరుకుతుంది, మీకు కుక్క దొరుకుతుంది. అంగుళం వెడల్పు నైలాన్ పట్టీ చాలు. బటన్ నొక్కితే చుట్టుకునే లీష్ మాత్రం వద్దు, దాని సన్నతాడు రేగుకంపలో చిక్కుకుంటే విడదీయడం నరకం, వేళ్లు కోస్తుంది కూడా. తాడు మెడ బెల్టుకి కాదు, హార్నెస్ (ఛాతీకి తొడిగే పట్టీ) వీపు రింగుకి తగిలించాలి. పరిగెత్తి తాడు చివర ఆగినప్పుడు ఆ కుదుపు గొంతు మీద పడకూడదు. చేతికి చుట్టుకోవద్దు, మడతలు మడతలుగా పట్టుకోండి. కోతుల దగ్గరా మేకల మంద దగ్గరా మీటరుకి తగ్గించాలి.

అసలు లీష్ గొడవ కంటే ఎండే పెద్ద ప్రమాదం. విడిచిన కుక్క మనం నడిచిన దూరానికి రెట్టింపు పరిగెడుతుంది. అక్కడిది ఎర్ర లేటరైట్ నేల, చెట్టు నీడ లేనిచోట పెనంలా కాలుతుంది. అరచేతి వెనకభాగం నేల మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే కుక్కా నడవలేదు. ఫిబ్రవరి, మార్చిలో టేకు ఆకు రాలాక అక్కడ నీడ పేరుకే. పాతిక కిలోల కుక్కకి లీటరున్నర నీళ్లు, ఇరవై నిమిషాలకోసారి కొంచెం కొంచెంగా. నాలుక చివర వెడల్పై గరిటెలా వేలాడి, చిగుళ్లు ఎర్రబడితే నడక ఆపేయాల్సిందే. కుక్క ఒంటి మామూలు వేడి 38.3 నుంచి 39.2 సెల్సియస్, 41 దాటిందంటే ప్రాణం మీదికొచ్చినట్టే. పొట్ట, చంకలు, తొడల సందు తడిపి విసరండి. తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే ఉండిపోతుంది. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కలకి వేసవిలో ఈ దారే వద్దు.

సీతాఫలం: దూలగొండి సంగతి ఎవరూ ఎత్తలేదేం? చలికాలంలో కాయ ఎండితే మీద గోధుమరంగు మఖ్మల్ లాంటి నూగు ఉంటుంది. కుక్క పొదలో దూరితే మూతికి, పొట్టకి అంటుకుంటుంది. గీరుకుంటుంది, నాకుతుంది, నాలుక వాస్తుంది. రుద్దితే నూగు ఇంకా లోపలికి దిగుతుంది. ముందు సెల్లోటేపు అంటించి పీకాలి, ఒకేచోట ఏడెనిమిదిసార్లు, ప్రతిసారీ కొత్త ముక్క. కడగడం ఆ తర్వాతే. పొడుగు తాడైనా సరే, పొద దగ్గర ఆపాల్సింది మనమే.

నల్లరేగడి: ఉచ్చుల మాటకి నా దగ్గర జవాబు లేదు. అయిదు మీటర్ల తాడుకి సరే. కంచె ఉన్న మామిడితోటలో మాత్రం విప్పుతాను, దానికి ఎవరి అభ్యంతరమూ వినను. ఇంటికొచ్చాక గోమార్లకి ఏం చేస్తారు? కిరోసిన్ రాయమంటున్నారు.

మూసీ పుట్టిల్లు: కిరోసిన్ వద్దే వద్దు, చర్మం కాలుతుంది. సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకుని, తిప్పకుండా నిదానంగా నిటారుగా లాగండి. పొట్ట నొక్కొద్దు. చెవి మడత లోపల, వేళ్ల సందుల్లో, హార్నెస్ కింద, తోక మొదట్లో వెతకండి. తీసినవి స్పిరిట్ సీసాలో వేయండి, గోటితో చిదమొద్దు. రెండు మూడు వారాల్లోపు జ్వరం, తిండి మానేయడం, ముక్కులోంచి రక్తం కనిపిస్తే డాక్టరుకి "గోమార్లు పట్టాయి" అని ముందే చెప్పండి, రక్తపరీక్ష ఆ కోణంలో చేస్తారు.