మహేంద్రగిరి తడికి డౌన్ స్లీపింగ్ బ్యాగ్ ఆగుతుందా?

అందరికీ నమస్కారమండీ. మాది పర్లాకిమిడి. పక్షుల ఫొటోల కోసం నేనూ మా బావా తరచూ మహేంద్రగిరి ఎక్కుతుంటాం. 1,501 మీటర్ల ఎత్తు, పైగా సముద్రం దగ్గరే. తెల్లవారేసరికి టెంట్ లోపలి గుడ్డ మీంచి చుక్కలు కారి, కాళ్ల దగ్గర బ్యాగంతా చెమ్మ.

ఇప్పుడున్న సింథటిక్ బ్యాగ్ రెండు కిలోల పైమాటే, మోయలేకపోతున్నాం. కిలో లోపు డౌన్ బ్యాగ్, అంటే బాతుల నూగు ఈకలు నింపినది, కొందామని ఉంది. కానీ ఆ నూగు ఈకలు తడిస్తే ఉండకట్టి వెచ్చదనం పోతుందిగా, అదే నా భయం. తడి పట్టని పూత వేసిన డౌన్ వస్తోంది కదా, ఇలాంటి చెమ్మకి నిజంగా ఆగుతుందా? ఫిల్ పవర్ (ఈకలు ఎంత ఉబ్బుతాయో చెప్పే అంకె) 650 చాలా, 800కి వెళ్లాలా? కంఫర్ట్ 5 డిగ్రీలది, అంటే 5 డిగ్రీల చలి దాకా హాయిగా పడుకోగలిగేది, సరిపోతుందనుకుంటున్నా, హిమాలయాలకి వాడేది మనకెందుకు. కోరాపుట్, దేవమాలి వైపు వానల్లో వాడినవాళ్లుంటే చెప్పండి. ఎండ రాని రోజు దాన్ని ఎలా ఆరబెడుతున్నారు?