చిగుళ్ల నుంచి రక్తం: క్లీనింగ్ బదులు ప్రోబయోటిక్ బిళ్లలు వాడొచ్చా?

ప్రశ్న, మలక్‌పేట నుంచి:
అందరికీ నమస్కారం. నాకు 44 ఏళ్లు. ఆరు నెలలుగా బ్రష్ చేసి ఉమ్మితే నురగ గులాబీ రంగులో వస్తోంది. జామకాయ కొరికితే ముక్క మీద రక్తపు చార. కింది ముందు పళ్ల వెనక నాలుకకి గరుకుగా తగులుతోంది. డెంటిస్ట్ డీప్ క్లీనింగ్ చేయాలన్నారు. మా అత్తయ్యేమో "క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదిలిపోతాయి" అని ఒకటే గొడవ. ఈలోగా ఆన్‌లైన్‌లో నోటి కోసమని ప్రోబయోటిక్ బిళ్లలు (మంచి క్రిములుండేవి) కనిపించాయి. వాటితో తగ్గుతుందా? రోజూ పెరుగన్నం తింటాను, అది చాలదా?

కూకట్‌పల్లి:
నేను ఒక డబ్బా మొత్తం చప్పరించా అక్కా. నోటి వాసన కాస్త తగ్గినట్టనిపించింది. రక్తం మాత్రం ఆగలేదు. క్లీనింగ్ అయ్యాకే ఆగింది.

తార్నాక:
మేడమ్, నేను డాక్టర్ని కాదు. నాలుగేళ్లుగా చిగుళ్ల జబ్బుతో వేగుతున్నవాణ్ని.

మీ నాలుకకి తగిలే ఆ గరుకే గార. పాచి గట్టిపడితే రాయిలా అవుతుంది, బ్రష్‌కి ఊడదు. చిగురు లోపలికి దిగిన గార చుట్టూ గాలి తగలని సందుల్లో చెడు క్రిములు కాపురం పెడతాయి. చప్పరించే బిళ్ల ఆ గారని కరిగించదు. ముందు దాన్ని గీకించాల్సిందే.

అత్తయ్యగారిది ఉత్త భయం కాదు, ఆవిడ చూసిందే చెబుతున్నారు. కాకపోతే పళ్లు వదులయ్యేది లోపల ఎముక కరగడం వల్ల. పైనున్న గార వాటిని పట్టీలా కలిపి ఉంచుతుంది. అది తీయగానే అప్పటికే ఉన్న కదలిక బయటపడుతుంది. వాపు తగ్గాక పళ్ల మధ్య ఖాళీలు కూడా కనిపిస్తాయి. నింద క్లీనింగ్ మీద పడుతుంది.

ఇక బిళ్లల సంగతి. వీటిలో ఎక్కువగా పరీక్షించింది లాక్టోబాసిల్లస్ రాయిటరీ అనే రకం. క్లీనింగ్‌తో పాటు వాడితే రక్తం, చిగురుకీ పంటికీ మధ్య సందుల లోతు ఇంకాస్త తగ్గాయని కొన్ని చిన్న అధ్యయనాలు చెప్పాయి, కొన్నింటిలో తేడా రాలేదు. అందుకే యూరప్ చిగుళ్ల వైద్యుల సమాఖ్య 2020 మార్గదర్శకాల్లో క్లీనింగ్‌కి తోడుగా వీటిని సూచించలేదు. పైగా మానేస్తే ఆ మంచి క్రిములు నోట్లో ఎక్కువ కాలం నిలవవు. నన్నడిగితే ఆ డబ్బుతో పళ్ల సందుల్లో తిప్పే చిన్న బ్రష్‌లు కొనండి.

అయినా వాడి చూస్తానంటే డాక్టర్‌కి చెప్పి, క్లీనింగ్ తర్వాతే మొదలెట్టండి. రాత్రి బ్రష్ చేశాక నెమ్మదిగా చప్పరించాలి, మింగేయకూడదు. ఆ రోజుల్లోనే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ పుక్కిలిస్తే అది మంచి క్రిముల్నీ చంపుతుంది. డబ్బా మీద క్రిమి రకం, గడువు తేదీ, ఎంత చల్లగా ఉంచాలో చూసుకోండి. మే నెలలో మన ఎండకి కొరియర్ వ్యాన్‌లో రెండు రోజులు ఉడికిన బిళ్లలో ఎన్ని క్రిములు బతికుంటాయో మీరే ఆలోచించండి! రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోవద్దు.

పెరుగన్నం మానక్కర్లేదు, కానీ అది గొంతు దిగిపోయేదే. చిగుళ్లకి మందు కాదు.

ఇంకోటి, షుగర్ టెస్ట్ చేయించారా? షుగర్ ఎక్కువుంటే చిగుళ్లు త్వరగా మానవు, చిగుళ్లు పాడైతే షుగర్ అదుపు చేయడం కష్టమవుతుంది. ఖర్చు గురించైతే అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. మలక్‌పేట తర్వాత మెట్రో స్టేషన్ ఎంజీబీఎస్సే, అక్కడ దిగితే దగ్గర. పొద్దున్నే వెళ్లండి.

మలక్‌పేట:
వెళ్లొచ్చానండీ. సన్నటి కడ్డీ ఒక్కో పంటికి ఆరు చోట్ల పెట్టి, "మూడు, రెండు, మూడు" అని పక్కనున్న అమ్మాయితో రాయించారు. కింద కుడివైపు దవడ పన్ను దగ్గర "ఆరు" అనగానే నా గుండె ఆగినంత పనైంది. చిగురు సందు లోతు మూడు మిల్లీమీటర్ల దాకా ఫర్వాలేదట. ఒకవైపు క్లీనింగ్ అయింది, రెండోది వచ్చే వారం. షుగర్ బార్డర్‌లో ఉంది. బిళ్లల గురించి అడిగితే "మూడు నెలల తర్వాత మళ్లీ కొలుస్తా, అప్పుడు చూద్దాం" అన్నారు. ఇప్పుడు చల్లనీళ్లు తాగితే జివ్వుమంటోంది, మామూలేనా?

తార్నాక:
మామూలే, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. సెన్సిటివిటీ పేస్ట్ వాడండి, తోమాక ఉమ్మేసి ఊరుకోండి, వెంటనే నీళ్లతో పుక్కిలించొద్దు. నొప్పి పెరిగినా, చీము కనిపించినా వచ్చే వారం దాకా ఆగకండి.