గార్‌చాంప్ ఉన్నా ఓడిపోతున్నాను, ఎక్కడ తప్పు చేస్తున్నాను?

అందరికీ నమస్కారం. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటాను. ఆదివారం మా రూమ్‌లో నలుగురం పోకెమాన్ స్కార్లెట్ అనే వీడియో గేమ్‌లో సింగిల్స్ (ఒకసారికి ఒక్కో పోకెమాన్‌తో పోరు) ఆడతాం. ఓడినవాడు అందరికీ దోసెలు కొనాలి. మూడు వారాలుగా కొంటున్నది నేనే.

నా టీమ్‌కి పెద్ద దిక్కు గార్‌చాంప్ అనే పోకెమాన్. బేస్ అటాక్ 130, స్పీడ్ 102. అంకెల్లో చూస్తే పులే! మొదటి టర్న్‌లో స్వోర్డ్స్ డాన్స్ అనే మూవ్ వేసి అటాక్ రెట్టింపు చేసుకుంటాను. ఇక ఎర్త్‌క్వేక్ (గ్రౌండ్ రకం దెబ్బ) కొడదామనేలోపు కడప తమ్ముడొకడు మామోస్వైన్ అనే ఐస్ రకం పోకెమాన్‌ని దించి ఐస్ షార్డ్ అనే ఐస్ మూవ్ వేస్తాడు. గార్‌చాంప్ డ్రాగన్, గ్రౌండ్ రెండు రకాలూ కాబట్టి ఐస్ దెబ్బ నాలుగింతలు. పైగా అది ప్రయారిటీ మూవ్, అంటే మామూలు దెబ్బలకంటే ముందే పడుతుంది, నా స్పీడ్ ఎందుకూ కొరగాదు. వాష్ రోటమ్ వస్తే ఇంకో తలనొప్పి, లెవిటేట్ (గాల్లో తేలే గుణం) వల్ల ఎర్త్‌క్వేక్ తగలనే తగలదు.

గార్‌చాంప్‌కి యాచే బెర్రీ అనే పండు ఇస్తే ఒక్క ఐస్ దెబ్బ సగానికి తగ్గుతుంది, అంతే. టెరా స్టీల్ చేస్తే (పోరులో దాని రకాన్ని స్టీల్‌గా మారిస్తే) ఐస్, డ్రాగన్, ఫెయిరీ మూడూ తట్టుకుంటుంది గానీ, మామోస్వైన్ ఎర్త్‌క్వేక్‌కి దొరికిపోతాను. ఏది మేలంటారు? లేక దీన్ని ముందే దించడం తప్పా, మామోస్వైన్ పోయాక చివర్లో తేవాలా? ఆదివారంలోపు చెప్పండి ప్లీజ్, పర్సు ఖాళీ అవుతోంది.