కాంట్రాక్టర్ పత్తా లేడు, పీఎఫ్‌ల పేరు సరి చేయించుడెట్ల?

మాది హన్మకొండ, ఐటీఐ వెల్డర్‌ని. 2019 నుంచి 2022 దాకా రామగుండం దిక్కు ఒక ప్లాంట్‌ల బాయిలర్ షట్‌డౌన్ పనులు కాంట్రాక్టర్ కింద చేసిన. పీఎఫ్ కట్ అయింది, పాస్‌బుక్‌ల పైసలు కనవడుతున్నయ్. కానీ ఆధార్‌ల ఇంటిపేరు పూర్తిగ ఉంటే పీఎఫ్‌ల ఒట్టి పొడి అక్షరమే. పుట్టిన సంవత్సరం 1994కు బదులు 1991 ఎక్కించిండ్రు. యూఏఎన్‌కు (పీఎఫ్‌ల మనకిచ్చే నంబరు) ఆధార్ జోడైతలేదు, క్లెయిమ్ ముందుకు పోతలేదు.

నెట్ సెంటర్‌ల చేయించి చూసిన, కాలేదు. కాగితం మీద జాయింట్ డిక్లరేషన్ (తప్పులు సరిచేయమని పనోడు, యజమాని కలిసి ఇచ్చే ఫారం) నింపి పీఎఫ్ ఆఫీసుకు తీస్కపోతే యజమాని సంతకం, ముద్ర లేవని తిప్పి పంపిండ్రు. కాంట్రాక్టర్ ఫోన్ స్విచాఫ్, షెడ్డుకు తాళం. ప్లాంట్ టైమ్ ఆఫీసుల అడిగితే 'నువ్వు మా రోల్స్‌ల లేవు' అన్నరు. మా బామ్మర్దిది హైదరాబాద్‌ల ఆఫీసు కొలువు. ఇసొంటి తప్పే పడితే హెచ్‌ఆర్‌కు ఒక మెయిల్ కొట్టిండు, అయిపోయింది. మనకు హెచ్‌ఆర్ అంటే మేస్త్రీనే, ఆయన కాడ ముద్ర యాడికెల్లి వస్తది!

నా దగ్గర పాత గేట్‌పాస్, రెండు జీతం చీటీలు, పదో తరగతి మెమో ఉన్నయ్. కాంట్రాక్టర్ లేకుండ పేరు, పుట్టిన తేదీ మార్పించుకున్నోళ్లు ఎవరన్న ఉంటే చెప్పుండ్రి: ఆ ఫారం మీద ఎవరి సంతకం పెట్టిస్తే పీఎఫ్ ఆఫీసు ఒప్పుకుంది?